వాడకట్టు గోడల మీద: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో విదేశీ నగరాల కుడ్యచిత్రాల ఫొటోలు రెండు పేజీల నిండా వేశాము. ప్రతి ఫొటో కింద చిత్రకారుడి పేరు ఉంది గాని, ఆ గోడ వెనక కాపురం ఉండేవాళ్ళ ఊసు ఎక్కడా లేదని చాలామంది పాఠకులు రాశారు. వాళ్ళు పట్టుకున్న లోటు నిజమైనదే. అందుకని ఈ నెల శీర్షికను ఆ ఉత్తరాలకే కేటాయించి, ఆరు ప్రశ్నలకు జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఫిలడెల్ఫియాలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉండి వచ్చాను. అక్కడ వంతెన మీద నడిచే రైలులో వెళ్తుంటే సరిగ్గా కిటికీ ఎత్తులో, మేడల పక్కగోడల మీద, పెద్ద పెద్ద రంగుల అక్షరాలతో ప్రేమలేఖల్లాంటి వాక్యాలు కనిపించేవి. మొదట ప్రకటనలనుకున్నాను, కాని అవి దేన్నీ అమ్మడం లేదు. ఎవరు రాయించారు? ఎందుకు? — ఒక విశ్రాంత ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, మీరు చూసినవన్నీ కలిపి ఒకే ఉత్తరం. అది 50 గోడల మీద పరుచుకుని ఉంది. దాని పేరు ‘ఎ లవ్ లెటర్ ఫర్ యు’. స్టీవ్ పవర్స్ అనే చిత్రకారుడు 2009లో ఫిలడెల్ఫియా కుడ్యచిత్ర సంస్థ ‘మ్యూరల్ ఆర్ట్స్’తో కలిసి, ఆ నగరపు పడమటి భాగంలో మార్కెట్ స్ట్రీట్ వెంబడి దీన్ని రాశాడు. పవర్స్ అక్కడే పెరిగినవాడు. వయసులో ఉన్నప్పుడు అవే మేడలెక్కి, స్ప్రే డబ్బాతో దొంగచాటుగా తన మారుపేరు రాసుకున్నవాడు. పెద్దవాడయ్యాక అనుమతితో, వీధివాళ్ళతో మాట్లాడి, అదే రైలు కిటికీల కోసం రాశాడు.

ప్రకటనలని మీరు పొరబడడానికి కారణం ఉంది. ఆయన బొమ్మలు గీసే పద్ధతి పాతకాలపు దుకాణాల బోర్డులు రాసేవాళ్ళది. నిండైన అక్షరాలు, గట్టి రంగులు, రైలు దాటిపోయే రెండు మూడు సెకన్లలో చదివేసుకునేంత పొట్టి వాక్యాలు. అమెరికాలో రహదారుల పక్కన ‘మీరు ఇక్కడ ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవారు’ అని అపార్టుమెంట్లు అమ్మేవాళ్ళు బోర్డులు పెడుతుంటారు. దాన్ని తిరగేసి, ‘నువ్వు ఇక్కడ ఉంటే ఈపాటికి నేను ఇంట్లో ఉండేవాణ్ణి’ అని ఒక గోడ మీద రాశాడు. యాభై రెండో వీధి స్టేషను దగ్గర, యాభై సెకన్ల కోసమైనా సరే ఇక్కడికొచ్చి నన్ను కలుసుకో అనే అర్థం వచ్చే వాక్యం ఇంకొకటి ఉంది. ఇంగ్లీషులో ‘రెండో’ అనే మాటకూ ‘సెకను’ అనే మాటకూ ఒకటే రూపం ఉండడం వల్ల అది చెవికి తమాషాగా వినబడుతుంది. రోజూ ఆ రైలెక్కి పనికి వెళ్ళివచ్చే మనిషికి మాత్రమే ఈ ఉత్తరం వరసగా అందుతుంది. కింద వీధిలో నడిచేవాళ్ళకు చాలా గోడలు కనబడవు. రైలు ప్రయాణాన్నే పుస్తకంగా, ఒక్కొక్క స్టేషన్‌ను ఒక్కొక్క పేజీగా తీసుకోవడం నాకు ఈ పనిలో అన్నింటికంటే నచ్చిన సంగతి.

మీ రెండో ప్రశ్న, ఎందుకు అన్నది, ఇంకా వెనక్కి తీసుకుపోతుంది. 1984లో, విల్సన్ గూడ్ మేయరుగా ఉన్న కాలంలో, ఫిలడెల్ఫియా నగరం గోడల మీది పిచ్చిరాతలను అరికట్టడానికి ఒక కార్యక్రమం పెట్టింది. ఆ పనికి వచ్చిన జేన్ గోల్డెన్ అనే యువ చిత్రకారిణి, పట్టుబడిన కుర్రాళ్ళలో చాలామందికి చెయ్యి బాగా తిరిగి ఉందని గమనించి, వాళ్ళ చేతనే బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. 1996లో అది నగరపు కుడ్యచిత్ర కార్యక్రమంగా రూపు మార్చుకుంది. మొదలైన నాటి నుంచి ఈనాటికి అక్కడ వేసిన బొమ్మలు నాలుగు వేలు దాటాయి.

అన్ని గోడలకు అంతమంది చేతులు ఎలా వచ్చాయని మీకు అనుమానం రావచ్చు. అందరూ నిచ్చెనలెక్కి వేసినవి కావు అవి. నమూనాను వీధివాళ్ళ సమావేశంలో చూపించి, మార్పులు చేర్పులు జరిగాక, పారాచూట్లకు వాడే రకం పల్చని గుడ్డను సుమారు ఐదడుగుల చదరాలుగా కోస్తారు. ఒక్కొక్క చదరం మీద బొమ్మలోని ఆ ముక్కకు సన్నని గీతలు దింపి, గీతల మధ్య ఏ అంకె ఉంటే ఆ అంకె డబ్బాలోని రంగు నింపాలని గుర్తులు వేస్తారు. ఆ చదరాలు బడికి వెళ్తాయి, వృద్ధుల కేంద్రానికి వెళ్తాయి, జైలుకు కూడా వెళ్తాయి. నిచ్చెన ఎక్కలేని ముసలామె కుర్చీలో కూర్చుని ఒక కంటి మూలను నింపవచ్చు, శిక్ష అనుభవిస్తున్న మనిషి తాను ఇంకా చూడని గోడకు ఆకాశం వేయవచ్చు. చివరికి పనివాళ్ళు ఆ ముక్కలను గోడకు అంటించి, అంచులు కలిసేలా మళ్ళీ రంగు పూస్తారు. అంటించాక గుడ్డ ఉన్నట్టే తెలియదు. మీరు మళ్ళీ వెళ్ళినప్పుడు ఏదైనా ఒక గోడకు బాగా దగ్గరగా నిలబడి, పక్కవాటంగా చూడండి. వెలుతురు వాలుగా పడితే ఒక్కోచోట ఆ అతుకు గీత కనబడుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు ముప్ఫై ఆరేళ్ళు పారిశుద్ధ్య కార్మికుడిగా పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యారు. మీరు వేసిన ఫొటోల్లో పువ్వులు, పక్షులు, గొప్పవాళ్ళ ముఖాలు ఉన్నాయి. నగరాన్ని శుభ్రం చేసేవాళ్ళను ఏ దేశంలోనైనా ఏ కళాకారులైనా పట్టించుకున్నారా? — ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం చదివిన వెంటనే నాకు గుర్తుకొచ్చిన పేరు మియర్లీ లేడర్మన్ యూకెలిస్. న్యూయార్క్ కళాకారిణి. ఆమె చేసిన పని గురించి మీ నాన్నగారికి చదివి వినిపిస్తావని కొంచెం వివరంగా రాస్తున్నాను.

1968లో ఆమెకు తొలి కాన్పు అయింది. బిడ్డ గుడ్డలు మార్చడం, ఇల్లు ఊడవడం, వండడం, మళ్ళీ ఊడవడం. ఈ పనుల్లో పడ్డాక, తన గురువులు నేర్పిన కళలో వీటికి చోటెక్కడ అని ఆలోచించింది. 1969లో ఒక ప్రకటన పత్రం రాసింది. కొత్తదాన్ని సృష్టించడమే కళ అని లోకం అంటోంది, ఉన్నదాన్ని రోజూ నిలబెట్టే పనిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు, విప్లవం వచ్చిన మర్నాడు సోమవారం పొద్దున చెత్త ఎవరు ఎత్తుతారు అని అందులో అడిగింది. ఇంటి చాకిరీని, ఊరి చాకిరీని కలిపి దానికి ‘మెయింటెనెన్స్ ఆర్ట్’ అని పేరు పెట్టింది. 1973లో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక మ్యూజియం మెట్లను మోకాళ్ళ మీద కూర్చుని కడిగి, ఆ కడగడమే తన ప్రదర్శన అంది.

తర్వాత ఆమె న్యూయార్క్ నగర పారిశుద్ధ్య విభాగానికి వెళ్ళింది. 1977 నుంచి అక్కడ జీతం లేని ఆస్థాన కళాకారిణిగా ఉండిపోయింది. ఆ రోజుల్లో నగరం అప్పుల్లో కూరుకుపోయి ఉంది. కార్మికుల ఉద్యోగాలు పోయాయి, లారీలు పాడుపడ్డాయి, చెత్త పేరుకుపోయింది, ఆ కోపమంతా జనం కార్మికుల మీద చూపించేవారు. 1979 జూలైలో ఆమె ఒక పని తలపెట్టింది. నగరంలో చెత్త ఎత్తే 8,500 మందిలో ప్రతి ఒక్కరినీ కలిసి, చెయ్యి కలిపి, ‘న్యూయార్క్‌ను బతికిస్తున్నందుకు ధన్యవాదాలు’ అని చెప్పాలని నిశ్చయించుకుంది. నగరంలోని 59 జిల్లాలూ తిరిగింది. తెల్లవారుజామున హాజరు పిలిచే వేళకు గ్యారేజీకి చేరేది, లారీల వెంట నడిచేది, రాత్రి పాళీ వాళ్ళ కోసం రాత్రి వెళ్ళేది. చెయ్యి కలిపిన చోటల్లా మ్యాపులో గుర్తు పెట్టుకునేది. పూర్తి కావడానికి పదకొండు నెలలు పట్టింది. ఈ పనికి ‘టచ్ శానిటేషన్’ అని పేరు.

ఇందులో చిత్రం ఏది, శిల్పం ఏది అని ఎవరైనా అడగవచ్చు. నేను ఒక్క సంఘటన చెప్తాను. ఒక కార్మికుడు ఆమెతో తన పాత అనుభవం పంచుకున్నాడు. పదిహేడేళ్ళ క్రితం మండువేసవిలో, అలిసిపోయి, అతనూ తోటివాడూ ఒక ఇంటి వరండా మెట్ల మీద కాసేపు కూర్చున్నారట. ఇంటావిడ తలుపు తీసి, మీ కంపు నా గుమ్మానికి అంటుతుంది, లేచిపొండి అని తరిమిందట. ఆ మాట పదిహేడేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉందని, ఈ రోజు నువ్వు దాన్ని తుడిచేశావని అతను అన్నాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటావా అని కూడా అడిగాడు.

ఆమె గుర్తుపెట్టుకుంది. జనం తమను తిట్టే మాటలు ఏమిటో కార్మికులను అడిగి సేకరించి, 1984లో న్యూయార్క్‌లో ఒక గ్యాలరీ ముందు రెండంతస్తుల అద్దం మీద రాయించింది. ఆ తిట్లను కడిగే పనికి నగరంలోని వివిధ రంగాల వాళ్ళను పిలిచింది. అధికారులు, కళారంగం వాళ్ళు, ఇంకా ఎందరో బకెట్లు, గుడ్డలు పట్టుకుని వాటిని తుడిచారు. ఆ మాటలు పుట్టించినది కార్మికులు కారు గనక, కడగవలసినది కూడా వాళ్ళు కారని ఆమె ఉద్దేశం. అంతకు ముందు ఏడాది, 1983లో, చెత్త లారీ ఒకదానికి చుట్టూ అద్దాలు బిగించి ఊరేగింపులో నడిపించింది. దారి పక్కన నిలబడి చూసినవాళ్ళకు ఆ లారీ మీద తమ ముఖమే కనిపించింది. చెత్త ఎవరిదో చెప్పడానికి ఇంతకంటే సూటి మార్గం నేను ఎక్కడా చూడలేదు.

నువ్వు ఫొటోల్లో చూసిన పువ్వులూ పక్షులూ తప్పు కావు. కాని నీ ప్రశ్న సరైనది. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ప్రశ్న: ఇంగ్లండులో చదువుకుంటున్నాను. ఒక స్టేషనులో అందరూ వాయించుకోవచ్చని రాసి ఒక పియానో పెట్టారు. ఇలాంటి ఆలోచన ఎక్కడ మొదలైంది? — ఒక ఎం.ఎస్సీ. విద్యార్థి

జవాబు: స్టేషన్లలో పియానోలు ఇప్పుడు చాలామంది పెడుతున్నారు. వాటిలో చాలావాటికి స్ఫూర్తి ల్యూక్ జెరమ్ అనే బ్రిటిష్ కళాకారుడు 2008లో బర్మింగ్‌హామ్ వీధుల్లో పెట్టిన 15 పియానోలు. ‘ప్లే మీ, ఐ యామ్ యువర్స్’ అని, అంటే నేను మీదాన్నే, వాయించండి అని, వాటి మీద రాశాడు. ఈ ఆలోచన అతనికి నాణేలు వేసి యంత్రంలో బట్టలు ఉతుక్కునే చోట వచ్చింది. ప్రతి వారాంతంలో అవే ముఖాలు, అదే బల్ల, గంటసేపు పక్కపక్కన కూర్చుంటారు, ఎవరూ ఎవరితో మాట్లాడరు. నగరమంతా ఇలాంటి మౌనపు గుంపులు వందలుగా ఉండి ఉంటాయని, వాటి మధ్యలో ఒక పియానో పెడితే మాట కలుస్తుందని అతనికి తోచింది. ఆ తర్వాత 70కి పైగా నగరాల్లో, మొత్తం రెండు వేలకు మించిన పియానోలు వీధుల్లోకి వచ్చాయి. నువ్వు ఈసారి ఆ స్టేషనుకు వెళ్ళినప్పుడు వాయించేవాణ్ణి కాకుండా చుట్టూ నిలబడినవాళ్ళను చూడు. అంతవరకు ఫోనులో తలదూర్చినవాళ్ళు పక్కవాళ్ళ వైపు తిరిగి, ఈ పాట ఏమిటి అని అడుగుతుంటారు. జెరమ్ చేసిన పని ఆ మాట దగ్గర ఉంది.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. పాత ఇళ్ళు బాగుచేసినందుకు బ్రిటన్‌లో ఒక బృందానికి టర్నర్ ప్రైజ్ ఇచ్చారని మా తరగతిలో చెప్పారు. ఇంటి మరమ్మతు కళ ఎలా అవుతుందని వాదన జరిగింది. మీరేమంటారు? — ఒక విద్యార్థి

జవాబు: ఆ బృందం పేరు ‘అసెంబుల్’. సమకాలీన కళకు బ్రిటన్‌లో ఇచ్చే పేరున్న ఆ బహుమతి వాళ్ళకు వచ్చింది 2015లో. వాళ్ళు పని చేసినది లివర్‌పూల్‌లో టాక్స్‌టెత్ ప్రాంతంలోని గ్రాన్‌బీ అనే పేటలో. మీ తరగతిలో వాదన బహుమతి దగ్గర మొదలైనట్టుంది. నేనైతే ఆ బృందం రాకముందు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది.

1981లో టాక్స్‌టెత్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో గ్రాన్‌బీ ఇళ్ళను ఒక్కొక్కటిగా ఖాళీ చేయించారు, కొన్న ఇళ్ళకు కిటికీలు మూసి పలకలు కొట్టారు, వీధులకు వీధులు కూల్చేశారు. మిగిలినవి నాలుగు వీధులు. అందులోనూ చాలా ఇళ్ళు ఖాళీ. కూల్చివేత పథకాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపోతుండగా, అక్కడే ఉండిపోయిన కొద్దిమంది, ఎక్కువగా ఆడవాళ్ళు, ఎవరినీ అడగకుండా వీధి ఊడవడం మొదలుపెట్టారు. చెత్త ఎత్తారు. మూసేసిన కిటికీ పలకల మీద తెరలు, పూలకుండీలు ఉన్నట్టు బొమ్మలు వేశారు. కాలిబాట మీద దొరికిన తొట్టెల్లో, డబ్బాల్లో మొక్కలు పెట్టారు. నెలకోసారి వీధిలోనే బల్లలు వేసి సంత పెట్టారు. 2011లో ఆ నివాసులు ఒక సామూహిక భూమి ట్రస్టు ఏర్పాటు చేసుకున్నారు. అంటే ఇళ్ళ స్థలం ఎవరో ఒకరి సొత్తుగా కాక, ఆ పేటవాళ్ళ ఉమ్మడి అధీనంలో ఉండే ఏర్పాటు. అసెంబుల్ బృందం వచ్చింది ఆ తర్వాత.

వాళ్ళు చేసిన పనిలో నన్ను కదిలించినది పొయ్యిగూడు. అక్కడి పాత ఇళ్ళలో చలిమంట వేసుకునే పొయ్యి చుట్టూ ఒక అలంకారపు చట్రం ఉంటుంది. ఖాళీ ఇళ్ళలో అవి ఊడిపోయో దొంగిలించబడో ఉన్నాయి. బృందం వాళ్ళు కూల్చిన ఇళ్ళ ఇటుకలు, పెంకులు, రాతిపలకలు పొడిగొట్టి, సిమెంటులో కలిపి, పోతపోసి, సానపట్టి కొత్త చట్రాలు చేశారు. సానపట్టాక దాని ముఖం మీద ఎర్రటి ఇటుక తునకలు, నల్లటి రాతి తునకలు చుక్కలు చుక్కలుగా బయటపడతాయి. పక్కవీధి ఇంటి గోడ ఈ వీధి ఇంటి పొయ్యిగూడులో కనబడుతుంది. రంపపు పొట్టు పొగలో కాల్చిన మట్టి తలుపుపిడులు, చేత్తో రంగులద్దిన పలకలు కూడా చేశారు. వీటిని తయారుచేసే ‘గ్రాన్‌బీ వర్క్‌షాప్’ పేటలోనే పెట్టారు, పేటవాళ్ళకే అందులో పని దొరికింది. 2019లో రెండు శిథిలమైన ఇళ్ళను కలిపి, లోపలి అంతస్తులు తీసేసి, పైన గాజుకప్పు వేసి, అందరూ వచ్చి కూర్చునే తోట చేశారు.

మరమ్మతు కళ అవుతుందా అని మీ ప్రశ్న. ప్రతి మరమ్మతూ కాదు. ఊడిన చట్రం బదులు బజార్లో దొరికే చట్రం బిగిస్తే అది మరమ్మతు. కూలిన పేటనే ముడిసరుకుగా తీసుకుని, ఆ పేట చరిత్రను చేతికి తగిలేలా చేయడానికి ఒకరి చూపు, ఇంకొకరి చెయ్యి, ఎంతోమంది పట్టుదల కావాలి. అక్కడ మాత్రం నేను కళ అనే మాట నిస్సంకోచంగా వాడతాను. బహుమతి ఆ బృందానికి వచ్చినా, ముందు పదేళ్ళపాటు ఊడ్చి మొక్కలు నాటిన ఆడవాళ్ళు లేకపోతే వాళ్ళు బాగుచేయడానికి వీధే మిగిలి ఉండేది కాదు.

ప్రశ్న: మీరు ఎంత మెచ్చుకున్నా నాకొక సందేహం ఉంది. గోడలకు రంగులు వేస్తే పర్యాటకులు వస్తారు, అద్దెలు పెరుగుతాయి, అక్కడి పేదవాళ్ళు వెళ్ళిపోతారు. దీన్ని ప్రజల కళ అనవచ్చా? — ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: మీ సందేహం ఊహించి అన్నది కాదు, జరిగినదే. దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో నక్సాన్ కొండ వాలు మీద ఇహ్వా అనే పేట ఉంది. ఇరుకు మెట్ల దారులు, కుట్టుపని చేసే చిన్న చిన్న గదులు, పాత ఇళ్ళు. 2006లో ప్రభుత్వ పథకం కింద కళాకారులు పదుల సంఖ్యలో వచ్చి గోడల మీదా మెట్ల మీదా బొమ్మలు వేశారు. ఒక మెట్ల వరసకు చేపలు, ఇంకొక వరసకు పెద్ద పువ్వులు. టీవీ ధారావాహికల్లో ఆ చోటు కనిపించాక జనం విరగబడ్డారు. పగలూ రాత్రీ ఫొటోలు, కేకలు, గుమ్మం ముందు చెత్త, తెరిచిన కిటికీలోంచి లోపలికి తొంగిచూడడం. 2016 ఏప్రిల్‌లో కొందరు నివాసులు బూడిదరంగు డబ్బాలు తెచ్చి ఆ పువ్వులనూ చేపలనూ తామే పూసేశారు. రద్దీ మీద కోపంతోపాటు, పేట అభివృద్ధి ప్రణాళికలో తమకు అన్యాయం జరుగుతోందన్న బాధ కూడా వాళ్ళకు ఉంది. బొమ్మలు చెరిపినందుకు వాళ్ళ మీద కేసు పెట్టారు. తాము రోజూ దిగి ఎక్కే మెట్ల మీద రంగు పూసినవాళ్ళు నేరస్తులయ్యారు. ఆ వార్త చదివినప్పుడు నాకు బొమ్మలు పోయినందుకంటే అదే ఎక్కువ బాధ కలిగించింది.

ఇంకొక సంఘటన బెర్లిన్‌లో జరిగింది. క్రాయిట్స్‌బెర్గ్‌లో ఖాళీ స్థలం పక్కన బ్లూ అనే ఇటలీ చిత్రకారుడు వేసిన రెండు మహా కుడ్యచిత్రాలు నగరానికే గుర్తుగా మారాయి. ఆ స్థలంలో ఖరీదైన కట్టడాలు లేవబోతున్నాయని, ఆ బొమ్మలే వాటికి ఆకర్షణగా ఉపయోగపడతాయని తెలిసి, 2014 డిసెంబరులో చిత్రకారుడి అంగీకారంతోనే వాటికి నల్లరంగు పూశారు. తన పని ఎవరి లాభానికి వాడుకోబడుతుందో గ్రహించి తానే తీసేసుకోవడం చిన్న త్యాగం కాదు.

అయితే ఈ రెండింటి నుంచి బొమ్మలే వద్దనే నిర్ణయానికి నేను రాను. ఇహ్వాలో నివాసులకు బొమ్మ వద్దనే హక్కు మొదటి రోజున లేకపోయింది, పదేళ్ళ తర్వాత కూడా లేకపోయింది. హ్యూస్టన్ నగరంలో, నల్లజాతి వారు ఎక్కువగా ఉండే థర్డ్ వార్డ్ పేటలో, 1993లో రిక్ లోవ్, మరికొందరు కళాకారులు మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ రో హౌసెస్’ను పోల్చి చూడండి. కూల్చివేతకు సిద్ధంగా ఉన్న 22 చిన్న ఇళ్ళను తీసుకుని బాగుచేశారు. కొన్నింటిలో ప్రదర్శనలు పెట్టారు. కొన్నింటిని, చదువుకుంటూ బిడ్డను పెంచుకునే ఒంటరి తల్లులకు నివాసంగా ఇచ్చారు. చుట్టుపక్కల అద్దెలు పెరుగుతాయన్న భయం అక్కడా ఉంది గనకే తక్కువ అద్దె ఇళ్ళు కట్టే పనికి కూడా దిగారు. లోవ్ స్వయంగా చిత్రకారుడు. తన బొమ్మలు చూసిన ఒక విద్యార్థి, మా పేట కష్టాలు మాకు తెలుసు, వాటిని మళ్ళీ బొమ్మగా చూపించడం ఎందుకు, ఏదైనా పరిష్కారం చెయ్యకూడదా అని అడిగిన మాటతోనే తన దారి మారిందని ఆయన చెప్పుకున్నాడు. కాబట్టి మీ ప్రశ్నను నేను ఇలా అడుగుతాను: ఆ స్థలం ఎవరి చేతిలో ఉంది? గోడ ఒకరిది, బొమ్మ ఒకరిది, అద్దె కట్టేది ఇంకొకరు అయినప్పుడు మీరన్నట్టే జరుగుతుంది.

ప్రశ్న: మూడేళ్ళుగా అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో ఉంటున్నాను, బొమ్మలు వేయడం వచ్చు. మా కూడలిలో ఇరుగుపొరుగుతో కలిసి ఏదైనా చేయాలని ఉంది. అందరూ వేరువేరు దేశాలవాళ్ళం, పలకరింపు దాటి పరిచయం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జవాబు: మీరు ఉన్న ఊరే ఈ పనికి పుట్టిల్లు. 1996లో మీ నగరంలోనే సెల్‌వుడ్ ప్రాంతపు నివాసులు ఒక నాలుగు రోడ్ల కూడలిలో తారు మీదే పెద్ద రంగుల బొమ్మ వేసుకున్నారు. నాలుగు మూలల్లో నాలుగు సదుపాయాలు పెట్టుకున్నారు. ఎవరైనా ఎప్పుడైనా వచ్చి టీ పోసుకునే చిన్న బల్ల ఒకటి, పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే పెట్టె ఒకటి, పిల్లలు ఆడుకునే గూడు ఒకటి, ఇరుగుపొరుగు చీటీలు అంటించుకునే పలక ఒకటి. దానికి ‘షేర్ ఇట్ స్క్వేర్’ అని పేరు పెట్టారు. వాళ్ళలో ఒకరైన వాస్తుశిల్పి మార్క్ లేక్‌మన్ ఆ తర్వాత ‘సిటీ రిపేర్’ అనే సంస్థకు ఆద్యుడయ్యాడు. మొదట నగర అధికారులు అనుమతి ఇవ్వలేదు. కాని వాహనాలు నెమ్మదిగా వెళ్తున్నాయని, మనుషులు ఒకరినొకరు ఎరుగుతున్నారని తెలిసొచ్చాక నగర పాలక మండలే దానికి చట్టపరమైన దారి చూపించింది. ఇప్పుడు అనుమతి కోరాలంటే కూడలికి ఆనుకున్న ఇళ్ళవాళ్ళ సమ్మతి, చుట్టుపక్కలవాళ్ళలో అత్యధికుల సంతకాలు కావాలి. మీకు మొదటి పని అదే. సంతకం కోసం తలుపు తట్టడాన్ని దయచేసి తంతుగా చూడకండి. మూడేళ్ళు పలకరింపుతో ఆగిన పరిచయం ఆ గుమ్మంలోనే ముందుకు నడుస్తుంది.

నమూనా గీసుకుని వెళ్ళవద్దు. బొమ్మలు వేయడం వచ్చినవాళ్ళకు ఇదే కష్టమైన సంయమనం. తెల్ల కాగితం పట్టుకుని వెళ్ళి, రోజూ ఈ కూడలిలో మీరేం చూస్తారు, ఏ వేళకు చూస్తారు అని అడగండి. బడి బస్సు కోసం నిలబడే తల్లి చెప్పేది ఒకటి, కుక్కను తిప్పే పెద్దాయన చెప్పేది ఒకటి ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా అనే చిత్రకారిణి 1976లో వరదకాలువ కాంక్రీటు గోడ మీద నగరపు చరిత్రను గీయించడం మొదలుపెట్టినప్పుడు, పోలీసు కేసుల్లో చిక్కుకున్న కుర్రాళ్ళను పనిలోకి తీసుకుని, వాళ్ళకు కూలి కట్టి ఇచ్చింది. చరిత్రకారులను పిలిపించింది, పాతకాలపు వాళ్ళ చేత తమ జ్ఞాపకాలు చెప్పించింది. కొన్ని వేసవుల్లో నాలుగు వందలకు పైగా యువకులు పనిచేస్తే, అది 2,754 అడుగుల గోడ అయింది. ఒకరితో ఒకరికి పడని వేరువేరు పేటల కుర్రాళ్ళు ఒకే గోడ దగ్గర కలిసి పనిచేసేలా ఆమె చూసుకుంది. మీ కూడలి ఆ గోడ ముందు చిన్నది. అడిగి వినడం మాత్రం అంతే ఉంటుంది.

పనిముట్ల సంగతి క్లుప్తంగా. తారు మీద వేసే రంగు తడిసినప్పుడు జారకూడదు, కాబట్టి ఇంటి గోడల రంగు పనికిరాదు. సిటీ రిపేర్ వాళ్ళను అడిగితే సరైనది చెప్తారు. గీతలు ముందు సుద్దతో వేసుకోండి. మీ ఊరి వానలు తెలిసినవే గనక వేసవి మధ్యలో తారీకు పెట్టి, వాన పడితే ఏ రోజుకు మార్చాలో ముందే ఒప్పుకోండి. చిన్నపిల్లలకు ఒకే రంగు నింపే పెద్ద పెద్ద భాగాలు, చెయ్యి తిరిగినవాళ్ళకు అంచులు ఇవ్వండి. పని జరిగేటప్పుడు వీధిని మూయడానికి విడిగా అనుమతి తీసుకోవాలి.

చివరగా ఒక మాట, ఇది చాలామంది లోపంగా చెప్పేది. బండ్ల చక్రాల కింద కూడలి బొమ్మ ఏడాది రెండేళ్ళలో వెలిసిపోతుంది. మన్నికైన రంగు దొరకదా అని మీరు తప్పకుండా వెతుకుతారు. నేనైతే వెతకవద్దంటాను. వెలిసిపోతుంది గనకే మళ్ళీ అందరూ బ్రష్షులు తీసుకుని కూడలిలోకి వస్తారు, ఆ మధ్యలో కొత్తగా వచ్చిచేరిన ఇంటివాళ్ళకు కూడా తమ చేత్తో వేసిన ఒక ముక్క దక్కుతుంది. మొదటిసారి మిగిలిన రంగు డబ్బాలు ఎవరి గ్యారేజీలో ఉంచాలో, మళ్ళీ ఏ నెలలో కలవాలో, రంగు ఆరకముందే అక్కడే నిర్ణయించుకోండి.